బరువు మోసినవాడే దారి చూపాడు: టెన్సింగ్ నార్గే జీవితం

పోటీ పరీక్షలకు చదివే మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఎవరెస్ట్ అంటే ఒక బిట్టు. మొదట ఎక్కింది ఎవరు? ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే, 1953 మే 29. సరైన ఆప్షన్ దిద్ది ముందుకు పోతాం. ఆ రెండో పేరున్న మనిషి ఇరవై ఏళ్ళ వయసులో రోజుకు 12 అణాల కూలికి మూట మోయడానికి కొండకు వెళ్ళాడని ఆ బిట్టులో ఉండదు. చదవడం రాయడం రాకుండానే దేశంలో మొదటి పర్వతారోహణ పాఠశాలకు శిక్షణ గురువయ్యాడనీ ఉండదు.

మన పెద్దల జీవితాలతో నింపాల్సిన ఈ సంచికలో ఒక హిమాలయ మనిషి కథ ఎందుకని కొందరు అడగవచ్చు. టెన్సింగ్ షెర్పా. పశ్చిమ బెంగాల్‌లోనూ సిక్కింలోనూ షెర్పాలు మనలాగే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అంతకంటే దగ్గరి సంబంధం మరొకటి ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న తండాల్లో మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. ఏ కనుమ ఎక్కడ తెగుతుందో, ఏ వాగు ఎప్పుడు దిగుతుందో వాళ్ళకు తెలుసు. సైన్యాలు వాళ్ళు తెచ్చిన గింజలు తిని యుద్ధాలు చేశాయి. 1565 తర్వాత విజయనగర రాజులు పెనుకొండ నుంచి ఏలారని మనం బడిలో చదువుకున్నాం. ఆ కొండ మీదికి తిండిగింజలు చేర్చినవాళ్ళ పేర్లు మాత్రం ఏ రాజూ శాసనంలో చెక్కించలేదు. మోసేవాడి పేరు మోయించేవాడి పేరు కింద కప్పడిపోవడం మనకు కొత్త కాదు. హిమాలయాల్లోనూ చాలాకాలం అదే జరిగింది. దాన్ని మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు టెన్సింగ్‌ది.

ఆయన 1914లో పుట్టాడు. తేదీ రాసిపెట్టినవాళ్ళు లేరు. పంటల కాలాన్ని బట్టి మే నెలాఖరు అని లెక్కగట్టుకుని, తర్వాత మే 29నే పుట్టినరోజుగా పెట్టుకున్నాడు. మన తండాల్లో కూడా ఫలానా కరువేడు పుట్టాడని చెప్పుకునే తాతలున్నారు కదా. తల్లిదండ్రులు జడల బర్రెల్ని, అంటే యాక్‌లను మేపుకుని బతికేవాళ్ళు. పదముగ్గురు సంతానంలో ఈయన పదకొండోవాడు. వాళ్ళలో చాలామంది చిన్నతనంలోనే పోయారు. మొదట పెట్టిన పేరు నాంగ్యాల్ వాంగ్డి. ఒక పెద్ద లామా చెప్పిన మీదట టెన్సింగ్ నార్గే అని మార్చారు. ధర్మాన్ని నమ్ముకున్న అదృష్టవంతుడు అన్నట్టు ఆ పేరుకు అర్థం. నేపాల్‌లోని ఖుంబూ లోయలో, థామే ఊళ్ళో పెరిగాడు. బౌద్ధ మఠంలో చేర్చితే అక్కడ దెబ్బ తిని ఇంటికి పారిపోయి వచ్చాడు. బడి చదువు అంటూ లేదు.

యాక్‌ల వెంట తిరిగే ఆ పిల్లవాడికి ఎదురుగా ఎప్పుడూ కనిపించేది చోమొలుంగ్మా. షెర్పాలూ టిబెట్టువాళ్ళూ ఆ కొండను పిలిచే పేరు అది. దానికి ఎవరెస్ట్ అని పేరు పడటంలో మన నేలకూ కాస్త సంబంధముంది. దేశాన్ని కొలిచే పెద్ద సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ బెంగళూరు నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ 1811లో మన గుత్తి దగ్గరికి వచ్చాడు. 1818 చివర్లో హైదరాబాదులో ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన దొర పేరు జార్జ్ ఎవరెస్ట్. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలతో నానా తిప్పలూ పడ్డాడు. అరటన్ను బరువుండే కొలత యంత్రాన్ని కొండ కొండకూ ఎక్కించింది కూలీలు. పేరు మిగిలింది దొరలకు. శిఖరానికి కూడా ఆ దొర పేరే పెట్టారు.

టెన్సింగ్ పదిహేడు పద్దెనిమిదేళ్ళప్పుడు, 1932లో, ఇల్లు వదిలి డార్జిలింగ్ పారిపోయాడు. పొద్దున్నే హిందూపురం స్టేషన్లో బెంగళూరు రైలెక్కే మన పిల్లల్ని చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్ళో పనిలేదు, పట్నంలో ఏదో ఒకటి దొరుకుతుందన్న ఆశ. డార్జిలింగ్‌లో అప్పుడు దొరికే మంచి పని ఒకటుంది. ఐరోపా నుంచి వచ్చే దొరలు హిమాలయాలు ఎక్కడానికి సామాను మోసే మనుషుల్ని అక్కడే కుదుర్చుకునేవాళ్ళు.

ఆ పని ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. కొండ ఎక్కడమంటే ఒక్కసారి పైకి పోయి రావడం అనుకుంటాం. అసలు పద్ధతి వేరు. కింద ఒక పెద్ద శిబిరం వేస్తారు. అక్కడి నుంచి పైకి ఒకటి తర్వాత ఒకటి చిన్న శిబిరాలు పెట్టుకుంటూ పోతారు. ప్రతి శిబిరానికీ గుడారం, తిండి, కిరోసిన్, తాళ్ళు, ఆక్సిజన్ సిలిండర్లు మోయాలి. మూట నుదుటికి వేసుకున్న పట్టీకి వేలాడుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచన అవుతుంది. నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఒంటికి ఆ గాలి అలవాటయ్యేలా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాలి. చివరి రోజు ఇద్దరు శిఖరం మీద నిలబడాలంటే దానికి ముందు వారాల తరబడి పదులమంది మోయాలి. 1922లో ఎవరెస్ట్ ఉత్తరపు వాలు మీద మంచు విరిగిపడి ఏడుగురు మోతగాళ్ళు చనిపోయారు. ఆ దండయాత్రకు నాయకులెవరో తెలిసినవాళ్ళలో ఆ ఏడుగురి పేర్లు చెప్పగలిగినవాళ్ళు కొద్దిమందే.

1933లో టెన్సింగ్‌ను పనిలోకి తీసుకోలేదు. రెండేళ్ళు కాచుకున్నాడు. 1935లో ఎరిక్ షిప్టన్ అనే ఆంగ్లేయుడు మనుషుల్ని ఎంచుకుంటూ, అనుభవమేమీ లేని ఈ కుర్రవాణ్ణి చివర్లో చేర్చుకున్నాడు. కూలి రోజుకు 12 అణాలు, మంచు గీత దాటితే రూపాయి. 1936లో మళ్ళీ వెళ్ళాడు, 1938లోనూ వెళ్ళాడు. మూడుసార్లూ టిబెట్ వైపు నుంచే. 1938లో 27,000 అడుగులు దాటి బరువు మోసినందుకు హిమాలయన్ క్లబ్బు పతకం ఇచ్చింది. దాన్ని టైగర్ పతకం అంటారు. మోతగాడి ఛాతీ మీద పతకం పెట్టడం అప్పటికి పెద్ద మార్పే.

కొండ మీద వెలిగినంతగా ఇల్లు వెలగలేదు. మొదటి భార్య దావా ఫుటి. వాళ్ళకు పుట్టిన కొడుకు నాలుగేళ్ళకే 1939లో పోయాడు. రెండో ప్రపంచ యుద్ధంతో యాత్రలన్నీ ఆగిపోతే, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చిత్రాల్‌లో ఒక సైనికాధికారి దగ్గర కొలువు చేశాడు. అక్కడే 1944లో దావా ఫుటి చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లల్ని, పెంపెంను, నిమాను వెంటబెట్టుకుని డార్జిలింగ్ తిరిగి వచ్చాడు. తర్వాత చేసుకున్న ఆంగ్ లామూ ఆయాగా పనిచేసి, ఆయనకు పనిలేని రోజుల్లో ఇంటిని నడిపింది. పేరున్న మగవాళ్ళ కథల్లో ఇలాంటి సంపాదనను ఒక ముక్కలో దాటేస్తారు. ఆ రోజుల్లో పొయ్యి వెలిగింది ఆమె జీతంతోనే.

1947లో గఢ్వాల్‌కు వెళ్ళిన స్విస్ బృందంలో సర్దారు గాయపడితే ఆ బాధ్యత టెన్సింగ్ మీద పడింది. సర్దారంటే మన వైపు మేస్త్రీ లాంటివాడు. మనుషుల్ని ఎంచడం, ఎవరికి ఎంత బరువో పంచడం, కూలి లెక్క, జబ్బుపడినవాణ్ణి కిందికి పంపడం, దొరకూ మోతగాడికీ మధ్య మాట తేడా వస్తే సర్దడం, అన్నీ అతని పనే. చదువు రాకపోయినా టెన్సింగ్‌కు ఏడెనిమిది భాషలు మాట్లాడటం వచ్చు. 1951లో ఫ్రెంచివాళ్ళతో నందాదేవి వెళ్ళినప్పుడు ఇద్దరు ఆరోహకులు జాడ లేకుండా పోయారు. వాళ్ళను వెతుకుతూ టెన్సింగ్, లూయీ దుబో అనే ఆయనతో కలిసి నందాదేవి తూర్పు శిఖరం ఎక్కాడు. 7,434 మీటర్లు. తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఎక్కడం అదేనని, ఎవరెస్ట్ తర్వాత కూడా ఆయన చెప్పేవాడు.

1952 ఆయన జీవితంలో మలుపు. నేపాల్ అప్పుడప్పుడే బయటివాళ్ళకు తలుపులు తెరిచింది. స్విస్ బృందం దక్షిణం వైపు నుంచి ఎవరెస్ట్‌కు వెళుతూ టెన్సింగ్‌ను సర్దారుగా మాత్రమే పెట్టుకోలేదు, బృందంలో ఒక ఆరోహకుడిగా లెక్కలో చేర్చుకుంది. రేమండ్ లాంబేర్ అనే ఆయనతో జోడీ కుదిరింది. లాంబేర్‌కు మంచు కాటుకు కాలివేళ్ళు పోయాయి. ఇద్దరికీ ఉమ్మడి భాష అంటూ లేదు, సైగలే. మే 28న ఇద్దరూ దాదాపు 8,600 మీటర్ల దాకా వెళ్ళారు. అంత ఎత్తుకు అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. అక్కడినుంచి వెనక్కి తిరగాల్సి వచ్చింది. అదే ఏడు చలికాలం ముందు మళ్ళీ వెళ్ళి మళ్ళీ వెనక్కే వచ్చారు. లాంబేర్ తన ఎర్ర మెడగుడ్డను టెన్సింగ్‌కు ఇచ్చాడు.

మరుసటి ఏడు బ్రిటిష్‌వాళ్ళ వంతు. జాన్ హంట్ నాయకుడు. 350 మందికి పైగా మోతగాళ్ళు. టెన్సింగ్ సర్దారు, శిఖరం కోసం ప్రయత్నించే ఆరోహకుడు కూడా. ఖాట్మండులో షెర్పాలకు బ్రిటిష్ రాయబార కార్యాలయంలో ఇచ్చిన బస ఒక గరాజు. అంతకుముందు అది గుర్రపుశాల. మరుగుదొడ్డి లేదు. తెల్లారి షెర్పాలు ఆ కట్టడం ముందరే మూత్రం పోసి తమ నిరసన చెప్పారు. ఇచ్చిన దుస్తులూ సామానూ యాత్ర తర్వాత ఎవరివన్న దాని మీదా రగడ జరిగింది. ఇరువైపులా నచ్చజెప్పి మనుషుల్ని కొండ దాకా నడిపించింది టెన్సింగే. కొండ ఎక్కడంలో ఆయన చూపిన బలం గురించి అందరూ రాశారు. ఆ వారంలో చూపిన ఓర్పు అంతకు తక్కువదేమీ కాదని మాకనిపిస్తుంది.

ఏప్రిల్ నెలాఖరులో మంచు ప్రవాహం దిగుతుండగా హిల్లరీ కాలి కింద మంచు కూలి పగులులో పడ్డాడు. వెనక తాడు పట్టుకున్న టెన్సింగ్ మంచుగొడ్డలి దిగ్గొట్టి తాడు బిగించి ఆపాడు. ఇద్దరూ జోడీ కావడానికి ఆ ఘటన కూడా ఒక కారణం. మే 26న బోర్డిలాన్, ఎవాన్స్ అనే ఇద్దరు దక్షిణ శిఖరం దాకా వెళ్ళి, ఇంకా పైకి పోలేక దిగివచ్చారు. మే 28 రాత్రి హిల్లరీ, టెన్సింగ్ 27,900 అడుగుల దగ్గర చిన్న గుడారంలో పడుకున్నారు. హిల్లరీ బూట్లు విప్పి పడుకుంటే పొద్దుటికి అవి గడ్డకట్టాయి, పొయ్యి మీద కాచి మెత్తబరచాల్సి వచ్చింది. టెన్సింగ్ బూట్లు విప్పలేదు. అనుభవం అంటే ఇలాంటి చిన్న సంగతే.

మర్నాడు ఉదయం 11:30కు ఇద్దరూ పైన ఉన్నారు. టెన్సింగ్ మెడలో లాంబేర్ ఇచ్చిన ఎర్ర గుడ్డ ఉంది. తల మీద అంతకుముందు ఒక యాత్రలో కలిసిన ఎర్ల్ డెన్మన్ ఇచ్చిన ఉన్ని టోపీ. మంచుగొడ్డలికి కట్టిన జెండాలు నాలుగు: ఐక్యరాజ్యసమితిది, బ్రిటన్‌ది, నేపాల్‌ది, భారత్‌ది. మన జెండా డార్జిలింగ్‌లో ఒక మిత్రుడు ఇచ్చి పంపింది. టెన్సింగ్ మంచులో చిన్న గుంట తీసి మిఠాయిలు, బిస్కట్లు దేవతకు నైవేద్యంగా పెట్టాడు. వాటితో పాటు కూతురు నిమా ఇచ్చిన ఎర్ర నీలి పెన్సిల్ ముక్కనూ పెట్టాడు. పైన ఉన్నది పావుగంట. హిల్లరీ టెన్సింగ్‌ను ఫొటో తీశాడు. పటాల్లో మనం చూసేది ఆ ఫొటోనే. హిల్లరీ ఫొటో పైన లేదు.

కిందికి దిగాక అసలు కష్టం మొదలైంది. ఖాట్మండులో జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. టెన్సింగే హిల్లరీని తాడుతో పైకి లాగినట్టు బొమ్మలు వేసి ఊరేగించారు. ముందు కాలు పెట్టింది ఎవరన్న ప్రశ్న ప్రతిచోటా వెంటపడింది. నేపాల్ తనవాడంది, భారత్ తనవాడంది. హంట్‌కూ హిల్లరీకీ బ్రిటిష్ రాణి సర్ బిరుదు ఇచ్చింది, టెన్సింగ్‌కు దక్కింది జార్జ్ పతకం. ఆ తేడా ఎందుకన్న చర్చ ఇప్పటికీ ఉంది. మాకైతే అది గరాజు బస నుంచి వేరు చేసి చూడటం కష్టం. టెన్సింగ్ దాన్ని మనసులో పెట్టుకుని తిరగలేదు. 1955లో వచ్చిన తన ఆత్మకథలో, తాడుకు ముందున్న హిల్లరీయే మొదట పైన కాలు పెట్టాడని, తను కొద్ది అడుగుల వెనక ఉన్నానని సూటిగా చెప్పేశాడు. ఆ పుస్తకాన్ని ఆయన నోటితో చెబితే అమెరికన్ రచయిత జేమ్స్ రామ్సే ఉల్మన్ రాశాడు. చదువు రాని మనిషికి తన కథ ఇంకొకరి చేతిమీదుగా రావడం ఎంత ఇరకాటమో ఆయనకు తెలుసు. అందుకే పిల్లల్ని మంచి బడుల్లో వేశాడు. వాళ్ళు మూటలు మోసి బతకకూడదన్నది ఆయన పట్టుదల.

నెహ్రూ ఆయన్ని దగ్గరికి తీశాడు. లండన్ వెళ్ళడానికి తన బట్టలే ఇచ్చాడు. అంతకంటే పెద్ద పని, 1954 నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించడం. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ మొదటి ప్రిన్సిపాల్, టెన్సింగ్ మైదాన శిక్షణ డైరెక్టర్. స్విట్జర్లాండ్ వెళ్ళి కొండ గైడ్ల పద్ధతులు నేర్చుకుని వచ్చాడు. అక్కడ ఆల్ప్స్‌లో గైడ్ అంటే వంశపారంపర్యంగా గౌరవమున్న వృత్తి. నేర్చుకోవాలి, పరీక్ష నెగ్గాలి, అప్పుడే తాడు పట్టనిస్తారు. మన దేశంలో అదే పని కూలిగా మొదలైంది. ఆ కూలిని బడిలో చెప్పే విద్యగా మార్చడమే టెన్సింగ్ 1976 దాకా చేసిన పని. తాడు ముడులు, రాతి ఎక్కడం, మంచులో మెట్లు కొట్టడం, పడిపోతే గొడ్డలితో ఆగడం. షెర్పాలు అక్కడ మూట మోసేవాళ్ళుగా రాలేదు, బోధకులుగా చేరారు. ఆయన మేనల్లుడు నవాంగ్ గొంబు వాళ్ళలో ఒకడు. 1963లో అమెరికన్లతో, 1965లో భారత బృందంతో, ప్రపంచంలో రెండుసార్లు ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మనిషి ఆయనే.

ఆ బడి మెట్లు మన తెలుగు పిల్లలూ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి లంబాడా ఇంటి బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. నేపాల్ వైపు చిన్నపిల్లల్ని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. టెన్సింగ్ కుర్రతనంలో మూడుసార్లు మూట మోసిన వైపే అది. అదే ఏడు ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు కూలి 16 మంది కొండ కార్మికులు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది షెర్పాలు. ఆ రోజు వాళ్ళు చేస్తున్న పని డబ్బు కట్టి వచ్చిన యాత్రికుల సామాను పైకి చేర్చడం. మిగతా షెర్పాలు పని ఆపేశారు. ఆ సీజన్‌లో దక్షిణం వైపు యాత్రలు దాదాపు అన్నీ రద్దయ్యాయి. పూర్ణ ఫొటో పెట్టుకునేటప్పుడు ఈ సంగతి కూడా మన పిల్లలకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ప్రపంచమంతా గైడ్లతో కొండలెక్కే యాత్రలు పెద్ద వ్యాపారం. ఎవరెస్ట్‌కు నేపాల్ ప్రభుత్వం తీసుకునే అనుమతి రుసుమే 2025 సెప్టెంబర్ నుంచి మనిషికి 15,000 డాలర్లు. గైడు, మోతగాళ్ళు, ఆక్సిజన్ ఖర్చు దాని మీద. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అలా వెళ్ళే ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట స్థానిక మనిషి సాయం కావాల్సిందే, కిలిమంజారో మీదైనా ఆండీస్‌లోనైనా. టెన్సింగ్ ఈ వ్యాపారాన్ని దాని మొదట్లోనే చూశాడు, అందులో యజమానిగా నిలబడ్డాడు. 1975లో భూటాన్‌లోకి అనుమతి దొరికిన మొదటి అమెరికన్ పర్యాటక బృందాన్ని సర్దారుగా నడిపించాడు. రిటైరయ్యాక 1978లో తన పేరుతోనే ట్రెక్కింగ్ కంపెనీ పెట్టాడు. 12 అణాల కూలికి దొరలు తనను ఎంచుకున్న ఊరినుంచే, దూరదేశాల అతిథులకు తను దారి చూపాడు.

1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. 71 ఏళ్ళు. మూడో భార్య డాకూ, పిల్లలు మిగిలారు. వాళ్ళలో జామ్లింగ్ పదేళ్ళ తర్వాత, 1996లో, తండ్రి నిలబడిన చోట నిలబడ్డాడు. చావు కబురు విని ఊరు ఊరంతా కదిలింది, అంతిమయాత్ర వెంట జనం కిలోమీటరు పైగా బారులు తీరారు. న్యూజిలాండ్ రాయబారిగా అప్పుడు ఢిల్లీలో ఉన్న హిల్లరీ కూడా వచ్చాడు. దహనం జరిగింది శ్మశానంలో కాదు, ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పిన ఆ కొండబడి ఆవరణలోనే. ఇప్పుడు అక్కడ ఆయన విగ్రహం ఉంది. మంచుగొడ్డలి ఎత్తిపట్టుకుని, శిఖరం మీది ఫొటోలో ఉన్నట్టే.